తడి రంగు

కొట్లకు బోర్డులు రాసీ రాసీ చేయి తిరిగిన అత్తగారు, కోడలి పోరు పడలేక కంప్యూటర్‌లోని మాయాలోకంలో బొమ్మల కొట్టు తెరిచింది. అక్కడ బొమ్మ నచ్చినవాళ్లు దాన్ని ముట్టుకుంటేనే బేరం కుదిరినట్టు. జనం చిత్రవిచిత్రమైన వేషాల్లో వచ్చేవాళ్లు, ఆవిడ గీసిన పిల్లిని చూసి మురిసిపోయేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు.

"నా పిల్లికేం తక్కువట?" అని అత్తగారు చిందులు తొక్కింది.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి తొంగిచూసింది. పిల్లి పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో చిన్న బోర్డు: "రంగు ఆరలేదు, ముట్టుకోవద్దు."

"ఇదెవరు పెట్టారత్తయ్యా?"

"ఇంకెవరు, నేనే! పని ముగించాక అది తగిలించకుండా ఏనాడైనా ఇంటికొచ్చానా?"

"ఇక్కడ తడెక్కడుంది, ఆరడానికి!" కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది.

అత్తగారు మూతి ముడుచుకుని ఆ బోర్డు తీసి గోడవార పెట్టింది. అంతలో గుర్రం తలకాయ వేషంలో ఒకడొచ్చాడు. పిల్లి వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా గోడవారకి వెళ్లి, "ఈ బోర్డు అమ్ముతారా?" అని రాశాడు.

అత్తగారు కోడలి వైపు ఓరగా చూసి, తీరిగ్గా ఒక్కో అక్షరమే నొక్కుతూ జవాబిచ్చింది: "అమ్ముతా నాయనా. కాస్త ఆరనీ."