తన్నగానే తిరిగేవాడు

కాసియానో చిటికెన వేలిని ఉంగరపు వేలికి ఆనించి, పట్టీ చుట్టి, కొసను పళ్ళతో తెంపాడు. ఎన్నడో విరిగిన ఆ రెండు వేళ్ళూ వంకరగా అతుక్కున్నాయి. పట్టీ లేకుండా అవి చేతితొడుగులోకి దూరవు. తలపైన చెక్కలు కిర్రుమంటున్నాయి. జనం వచ్చి మైదానం మెట్ల మీద కూర్చుంటున్నారు. ఆ మెట్ల కిందే అతని గది. ఒక మంచం, ఒక బల్ల, గోడకు రెండు మేకులు. క్లబ్బు ఇచ్చిన ఇల్లు అది. నలభై ఒకటో ఏట భుజాలు ఇంకా తలుపంత వెడల్పుగానే ఉన్నాయి గానీ, వంగి లేచినప్పుడల్లా మోకాళ్ళు ఎండుపుల్లల్లా చప్పుడు చేస్తున్నాయి.

నిన్న సాయంత్రం కోచ్ బసీలియో గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "రాజధాని నుంచి కొత్త కీపర్ వస్తున్నాడన్నా. రేపు ఆట అయిపోయాక గది కావాలి. నాకు మాత్రం ఇష్టమా చెప్పు."

కాసియానో సరేనన్నాడు. బసీలియో వెళ్ళిపోయాడు.

ఈరోజు గెలిస్తే పుయెర్తో యాతాయ్ ఊరి ఫుట్‌బాల్ జట్టు రెండో డివిజన్‌లో ఉంటుంది. లేకపోతే కిందికి పోతుంది. ఊరికి కావలసింది అది. కాసియానోకు కావలసింది మరొకటి. తను కొట్టిన బంతి వలలో పడడం ఒక్కసారి కళ్ళారా చూడాలి.

ముప్పై నాలుగు గోల్స్ కొట్టినవాడు ఒక్కటీ చూడలేదంటే ఎవరూ నమ్మరు. గోల్ కాయవలసినవాడు అవతలి కొసకు వెళ్ళి బంతి తన్నితే, వెనక తన గోల్ దిక్కులేకుండా ఉంటుంది. ఇరవై మూడో ఏట మొదటిసారి ఫ్రీ కిక్ కొట్టి, బంతి ఎటు పోతుందో చూస్తూ నిలబడ్డాడు. అది పై కమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. ఎదుటి జట్టువాడు దాన్ని లేపి కొట్టాడు. మైదానం పొడవునా అది దొర్లుతూ పోతుంటే కాసియానో దాని వెనకే పరుగెత్తాడు. ఇంకా నాలుగడుగులు ఉందనగా అది గీత దాటింది. జనం నారింజ తొక్కలు విసిరారు. ఆ వారమంతా బేకరీవాడు కూడా, "అక్కడే నిలబడి చూస్తావా, లోపలికి వస్తావా?" అని వెక్కిరించాడు.

అప్పటి కోచ్ ఒక్క మాటే నేర్పాడు. తన్నావా, తిరుగు. రోజూ యాభైసార్లు తన్నించాడు, యాభైసార్లు వెనక్కి పరుగెత్తించాడు. అప్పటి నుంచి కాసియానోకు గోల్ అంటే వీపు మీద పడే అరుపు. అరుపు వినిపిస్తే పడినట్టు, లేదంటే ఇంకా గట్టిగా పరుగెత్తాలి. తోటివాళ్ళు కావలించుకుందామని వెతికేసరికి అతను అటు కొసన పోస్టుల మధ్య ఉండేవాడు. అంచేత వాళ్ళలో వాళ్ళే కావలించుకునేవారు.

చూసింది అతని భార్య దియొలిందా. పెళ్ళయినప్పటి నుంచీ మూడో మెట్టు మీద కూర్చుని చూసేది. ఇంటికొచ్చాక కర్రపెండలం చెక్కుతూ, కత్తి మొనతో బల్ల మీద గీసి చూపించేది. ఉన్నది ఉన్నట్టే చెప్పేది. "దీనికి మీసం దువ్వకు. వాడి మోకాలికి తగిలి పడింది. నువ్వు కొట్టలేదు, వాడే పెట్టాడు" అనేది. నిజంగా బాగా పడిన రోజున చెక్కడం ఆపి, కత్తి బల్ల మీద పెట్టేది. అతనికి అంతకన్నా అక్కరలేదు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో మూత్రపిండాలు పాడై ఆమె పోయింది. ఆ తర్వాత కొట్టిన అయిదింటి గురించీ ఊరు ఒకే మాట అంది, అదిరిందని. ఎటు వెళ్ళింది, ఎంత ఎత్తున వెళ్ళింది, కీపర్ కదిలాడా లేదా, ఎవరూ చెప్పలేదు. ఆ అయిదూ ఎవరో కొట్టినట్టే ఉన్నాయి.

బయట చిపాలనే జున్ను రొట్టెలు అమ్మే ఫెర్మీనా గంప మీది గుడ్డ సర్దుతోంది. జున్ను కాలిన వాసన. ఆమె అడక్కుండానే ఒకటి అతని చేతిలో పెట్టింది.

"ఇవాళ పెనాల్టీ పడితే నిలబడి చూస్తానక్కా" అన్నాడు.

"చూసి ఏం చేస్తావు, బంతికి ముద్దు పెడతావా?"

"ఊరికే. చూస్తా."

"ఈలోగా ఇటు గోల్ పడిందంటే ఊరంతా నిన్ను నదిలో ముంచుతుంది. నేనే తలకాయ పట్టుకుంటా." నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. "సరేలే. చూసుకో నాయనా. ఒక్కసారికి ఏమవుతుంది."

ఎనభై మూడో నిమిషానికి చెరొక గోల్ మీద ఉండగా తమ జట్టు కుర్రాడు విల్మార్‌ను అవతలి గోల్ ముందరి పెట్టెలో పడగొట్టారు. రిఫరీ పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించాడు. మెట్ల మీద కాళ్ళు దబదబమన్నాయి. "కాసియానో! కాసియానో!"

అతను నడిచాడు. పరుగెత్తితే ఊపిరి మిగలదు. ఎర్రమట్టి తేలిన నడిమి గుండ్రం, దాని అవతల వాడిన గడ్డి. ఎదుటి జట్టువాడొకడు, "ఏం తాతా, బస్సు దొరకలేదా?" అన్నాడు. కాసియానో బంతిని సున్నపు చుక్క మీద పెట్టి, అయిదడుగులు వెనక్కి వేశాడు. నిలబడాలి. తన్ని, ఎడమకాలు నేలకు దిగేసి, నిలబడాలి. దియొలిందా లేదు. చెప్పేవాళ్ళు లేరు. నిలబడి చూడాలి.

తన్నాడు.

నాలుగో అడుగు పడ్డాక గానీ తను పరుగెత్తుతున్నట్టు అతనికి తెలియలేదు. నడుము ఎప్పుడు తిరిగిందో, కాళ్ళు ఎప్పుడు అందుకున్నాయో. అరుపు వచ్చి వీపు మీద పడింది. నడిమి గీత దగ్గర బలవంతాన ఆగి, తల తిప్పాడు. అక్కడ తనవాళ్ళంతా విల్మార్ మీద కుప్పగా పడి ఉన్నారు. ఎదుటి కీపర్ వలలోంచి బంతి తీసి, కసిగా నడిమి గుండ్రం వైపు విసురుతున్నాడు.

మిగిలిన నిమిషాల్లో కాసియానో రెండు బంతులు పట్టాడు. జట్టు నిలిచింది. జనం గీతలు దాటి వచ్చి విల్మార్‌ను భుజాలకెత్తుకున్నారు. ఆ సందడిలో కాసియానో వాడి కాలు పట్టుకుని ఆపాడు.

"ఎటు పడిందిరా?"

"ఎడమ మూల కదన్నా! సూదిలో దారంలా వెళ్ళింది."

బసీలియో పక్కనుంచి తల ఊపాడు. "ఎడమేంట్రా, కుడి. కీపర్ ఎడమకు పడ్డాడు, బంతి కుడికి వెళ్ళింది."

"పైకా, కిందికా?"

"పడింది కదన్నా. ఇంకేం కావాలి నీకు?"

ఎదుటి జట్టు బస్సు ఇంకా కదలలేదు. వాళ్ళ కీపర్ మెట్టు మీద కూర్చుని మొహం తుడుచుకుంటున్నాడు. కాసియానో వెళ్ళి మెల్లగా అడిగాడు. వాడు ఎర్రబడ్డ కళ్ళతో పైకి చూశాడు.

"మా జట్టును కింది డివిజన్‌కు తోసింది చాలక, ఎలా తోశావో కూడా నన్నే చెప్పమంటావా? పో తాతా."

గేటు దగ్గర ఫెర్మీనా ఖాళీ గంప దులుపుతోంది. ఆట వేళ ఆమె కూర్చునే మూడో మెట్టుకు ఆ గోల్ ఎదురుగా ఉంటుంది. ఆమెను ఆఖరున అడుగుదామని అప్పటిదాకా దాచుకున్నాడు.

"నేను కళ్ళు మూసుకున్నానయ్యా" అంది. "నువ్వు తన్నేటప్పుడు ఎప్పుడూ మూసుకుంటా. భయం నాకు. మీ ఆవిడ మోచేత్తో పొడిచి, అయిపోయింది తెరువు అనేది."

కాసియానో తల ఊపాడు. ఆమె ఇంకేదో చెప్పబోతే, పరవాలేదక్కా అన్నాడు.

నది అవతల తమ్ముడికి ఇటుకల బట్టీ ఉంది. ఆఖరి పడవ ఆరింటికి. గదిలోకి వెళ్ళి ఉన్నవన్నీ సంచిలో వేసుకున్నాడు. వేడి ఇటుకలు దించడానికి పనికొస్తాయని చేతితొడుగులు కూడా అందులోనే పెట్టుకున్నాడు. క్లబ్బు వరండాలో పాటలు పాడుతున్నారు, ఎవరో బల్ల మీద దరువు వేస్తున్నారు. అతను వెనక గోడ వెంట నడిచి, రేవు దారి పట్టాడు. ఎవరూ పిలవలేదు.

మంచం కింద బూట్లు ఉండిపోయాయి. లేసులు విప్పి, మడమలు గోడకు ఆనించి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కుడి బూటు ముక్కు మీద బొటనవేలంత సున్నం మరక, ఇంకా తడి ఆరలేదు.