ఉప్పు చూడని చెయ్యి

ఆ శుక్రవారం ప్రసంగం చేస్తూ దేవదానం తనకు తానే మురిసిపోయాడు. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే మనిషి, చర్చి కాంపౌండ్‌లో కూడే తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద. సెలవు ఆ రోజే గనక ఆరాధనా ఆ రోజే. క్రీస్తును నమ్మిన మొదటి విశ్వాసులంతా యూదులే కదా, వాళ్ళు శనివారం విశ్రాంతిదినం మానలేదు, కూడని తిండి ముట్టలేదు. అయినా యూదులు కాని అన్యులు వస్తే మా నియమాలు మీ మెడకు చుట్టం, వచ్చి మాతో కూర్చోండన్నారు, ఎంత పెద్ద మనసని చెప్పాడు. కొన్ని తరాలకు ఆ వచ్చినవాళ్ళే ఎక్కువైపోయి, ఇంకా శనివారం పాటించేవాళ్ళను పక్కకు నెట్టారన్న సంగతి మాత్రం గబగబా దాటేశాడు. భోజనాల వేళ మించిపోతోంది మరి.

రొయ్యల కూర నోట్లో పెట్టగానే ఆడవాళ్ళ మొహాలు మాడాయి. ఉప్పు లేదు. క్రితంసారి ఉప్పుకషాయం. వండింది మల్లీశ్వరి, గోదావరి పిల్ల. వారమంతా ఓ ఒమానీ ఇంట్లో చాకిరీ చేసి, ఉన్న ఒక్క సెలవుపూటా వీళ్ళందరికీ వండిపెడుతుంది. వంట మానమంటే ఇక రాదని తెలిసీ, ఆ మాట చెప్పే పని దేవదానం నెత్తిన పెట్టారు.

అతను కాళ్ళీడ్చుకుంటూ వంటగదిలోకి వెళ్ళాడు. ఆమె ఓ మూల స్టూలు మీద ఒంటరిగా పప్పన్నం తింటోంది. కూర వేసుకోలేదేమని అడిగాడు. తమది శనివారం పాటించే సంఘమనీ, రొయ్యల్లాంటి పొలుసుల్లేనివి తినరనీ బిడియంగా చెప్పింది. ఇన్నాళ్ళూ రుచి చూడకుండానే వండుతోందని అప్పటిగ్గానీ అతనికి తట్టలేదు.

"మరి ఎందుకమ్మా వండడం?"

"మీ అందరికీ ఇష్టం కదండీ అన్నయ్యగారూ. నాకు కూడదని మీకూ వద్దంటే, నాతో కూర్చునేదెవరండీ?"

దేవదానానికి తన ప్రసంగం గుర్తొచ్చింది. ఇందాక మైకులో తను పొగిడిన పెద్ద మనసు ఈ పిల్లదే. ఆమెను పక్కకు నెట్టడానికి వచ్చింది తనే. సిగ్గేసింది. ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

కూర గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టి, ఉప్పు వేసి, అరచేతిలో వేసుకుని రుచి చూశాడు. చెప్పావా అన్నట్టు ఆడవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూస్తున్నారు.

"వచ్చేవారం కూడా నువ్వే వండమ్మా," అన్నాడు వాళ్ళకు వినబడేలా. "ఉప్పు నేను చూస్తాను."

తర్వాత పళ్ళెం తెచ్చుకుని ఆమె పక్కనే నేల మీద కూర్చుని, కాస్త పప్పు పెట్టమన్నాడు. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.