గీత దాటని బంతి

నేను ఒక గోడను. ఇంటి గోడను కాను, నా వెనక ఎవరి కాపురమూ లేదు. గోదావరి కాలవల మీద పనిచేసే ఇంజనీర్ల క్లబ్బులో, టెన్నిస్ కోర్టు పక్కన ఒంటరిగా నిలబెట్టిన గోడను. ఆడటానికి తోడు దొరకనివాళ్ళు బంతి తెచ్చి నా మొహాన కొడతారు. నేను తిరిగి వాళ్ళ మొహాన కొడతాను. నా ఉద్యోగం అంతే.

నన్ను కట్టింది కాలవలో పడవలు దాటించే ఏదో లాకు కోసం వచ్చిన ఇటుకతో. లాకు కాస్త పొట్టిదైంది, నేను కాస్త పొడుగ్గా లేచాను. తాపీమేస్త్రి వీర్రాజు నాకు నున్నగా ప్లాస్టరింగు చేసి, ఆకుపచ్చ రంగు వేసి, కోర్టులో నెట్ ఎంత ఎత్తుందో కొలిచి, సరిగ్గా అంత ఎత్తున నా ఒంటిమీద అడ్డంగా ఒక తెల్లగీత గీశాడు. బంతి గీతకి పైన తగిలితే నెట్ దాటినట్టు. గీతకి తగిలితే నెట్‌కి తగిలినట్టు. నా దగ్గర సిఫార్సులు చెల్లవు. ఆ క్లబ్బు మొత్తంలో సిఫార్సు చెల్లనిదాన్ని నేనొక్కదాన్నే.

సొంతంగా ఆట మెరుగుపరుచుకుందామని నా దగ్గరికి వచ్చినవాళ్ళకి లెక్కలేదు. కొత్త బూట్లు, నుదుటికి పట్టీ, చేతిలో మెరిసిపోయే రాకెట్టు. మొదటి రోజు చెమట, మర్నాడు భుజం నొప్పి, ఆ తరవాత మనిషి పత్తా ఉండడు. ఒక కాంట్రాక్టరు నన్ను పగలగొట్టాలన్నంత కసిగా కొట్టాడు. ఆ బంతి అంతే కసిగా వెనక్కి వెళ్ళి అతని కళ్ళజోడు పగలగొట్టింది. గోడలకి నవ్వు వస్తుందని మీకు తెలియకపోవచ్చు. ఆరోజు నాకు పగలబడి నవ్వాలనిపించింది గానీ, పగిలితే నాకే నష్టమని ఊరుకున్నాను.

వీళ్ళందరిలోకీ నన్ను పట్టుకుని వదలనివాడు ఒక్కడే, మార్కండేయులు. డిజైన్ల విభాగంలో ఇంజనీరు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవాడు. ఒంటరిగా సాధన ఎలా చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. దూరంగా నిలబడి బంతిని రెండుసార్లు నేలకి పడనిచ్చి నిదానంగా కొట్టేవాడు. తరవాత దగ్గరికి జరిగి, నేలకి పడనివ్వకుండా టకటకా అందుకునేవాడు. పాదాలు ఒక్కచోట ఆగేవి కావు. ఆఫీసులో బల్ల కింద పాత బంతిని అరచేత్తో పిసుకుతూ మణికట్టుకి బలం తెచ్చుకునేవాడట. ఇంట్లో బీరువా అద్దం ముందు నీళ్ళ సీసా పట్టుకుని చెయ్యి విసిరేవాడట. "అద్దంలో మనిషితో ఆడినా ఈయనే ఓడిపోతారండి" అని అతని భార్య సర్వలక్ష్మి ఒకసారి క్లబ్బు ఆడవాళ్ళ దగ్గర అంటే అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

అతని కోరిక పెద్దదేమీ కాదు. ఏటా ఇంజనీర్లకి రాష్ట్రస్థాయి డబుల్స్ పోటీలు జరుగుతాయి. ప్రతి సర్కిల్ నుంచీ ఒక్క జోడీ వెళ్తుంది. సర్కిల్ పెద్ద, అంటే ఎస్.ఈ. గారు, తనతో ఎవరిని తీసుకెళ్తే వాళ్ళే రెండోవాడు. ఆ రెండోవాడు కావాలని మార్కండేయులు ఆశ.

అప్పటి ఎస్.ఈ. బాపినీడు గారు. ఆయన పొట్ట ముందు వచ్చేది, ఆయన తరవాత వచ్చేవారు, బంతి ఎప్పుడో వెళ్ళిపోయేది. అయినా రోజూ సాయంత్రం ఆయనే గెలవాలి. అలాగని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఒకతను పొరపాటున ఆయన్ని ఓడించాడు, వానాకాలం వెళ్ళేలోగా ఏజెన్సీ అడవుల్లో పంపులు చూసుకుంటూ తేలాడు. అది చూసి భయపడ్డ ఇంకొకతను మరీ తేలిగ్గా ఓడిపోయాడు. బాపినీడు గారికి ఇంకా కోపం వచ్చింది. "ఏవయ్యా, నా మీద జాలి పడుతున్నావా?" అన్నారు. అతను కూడా మొదటివాడి దగ్గరికే వెళ్ళాడు. పాపం, పంపుల దగ్గర ఇద్దరూ బాగా ఆడుకుని ఉంటారు.

అందుకని ఓడిపోవటం నేర్చుకోవలసి వచ్చింది మార్కండేయులికి. గెలుస్తాడేమో అన్నంత దాకా వెళ్ళాలి, సరిగ్గా చివర్లో బంతి నెట్ పైఅంచున కుట్టిన తెల్లపట్టీకి తగిలి తనవైపే పడాలి. చూసేవాళ్ళకి అది ఖర్మలా కనిపించాలి తప్ప వినయంలా కనిపించకూడదు. మాటల్లో తేలికే గానీ, పరుగెడుతూ వెంట్రుకవాసిలో పట్టీని కొట్టటం నెట్ దాటించటం కంటే కష్టం. ఆ కష్టం అంతా అతను నా మీద పడ్డాడు. తెల్లారుతూనే వచ్చి, నా గీతని గురిచూసి, ఒకటే చోట కొట్టేవాడు. ఎర్రమట్టి కోర్టు కాబట్టి బంతి తగిలిన చోటల్లా నా మీద ఎర్రటి మచ్చ పడుతుంది. మిగతావాళ్ళ మచ్చలు ఒళ్ళంతా ఉండేవి. ఇతనివి గీత మీద, ఒక్కచోట. కొన్నేళ్ళకి అక్కడ రంగు పోయింది, సున్నం రాలింది, ఆఖరికి లాకు ఇటుక బయటపడింది. నాకు నొప్పి పుట్టింది గానీ, అతన్ని చూస్తుంటే వచ్చే వినోదం ముందు అదొక లెక్క కాదు.

"అయ్యయ్యో, కాస్తలో పోయిందయ్యా" అని బాపినీడు గారు మురిసిపోయేవారు. పోటీల సమయం రాగానే అతని భుజం మీద చెయ్యి వేసి, ఈసారి చీఫ్ ఇంజనీరు గారి బావమరిది ముచ్చటపడ్డాడనీ, కాదంటే బాగుండదనీ, వచ్చే ఏడు మాత్రం నువ్వేననీ చెప్పేవారు. మార్కండేయులు "దాందేవుందండీ" అనేవాడు. మర్నాడు తెల్లవారి నా గీతకి పడే దెబ్బలు మాత్రం రోజూ కంటే గట్టిగా ఉండేవి. అలా బావమరుదులు, అల్లుళ్ళు, ఒక ఏడాది ఆడిటరు కూడా వెళ్ళొచ్చారు. చివరికి బాపినీడు గారు రిటైరై, వీడ్కోలు సభలో దండలోంచి తల బయటపెట్టి, "మన మార్కండేయులంత అదృష్టం లేని ఆటగాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మార్కండేయులూ కొట్టాడు.

తరవాత ఎస్.ఈ.గా వచ్చిన ఇందుశేఖర్ మరో రకం. సన్నటి మనిషి, పొడి మాట. వచ్చిన వారంలోనే, తనకి ఓడిపోయేవాళ్ళు అక్కర్లేదనీ, తనని ఓడించినవాణ్ణే పోటీలకి తీసుకెళ్తాననీ క్లబ్బులో చెప్పేశాడు. మార్కండేయులికి రిటైర్మెంటు దగ్గరపడింది. ఇదే ఆఖరి అవకాశం. ఆ మాట విన్న సాయంత్రం అతను నా ముందు నిలబడి, చిన్నపిల్లాడిలా తనలో తను నవ్వుకోవటం చూశాను.

ఇక చెయ్యవలసిందల్లా బంతిని గీత దాటించటం. మొదటి బంతి వచ్చి గీతకే తగిలింది. రెండోదీ అంతే. "చేతికి అలవాటైపోయిందిలే, నాలుగు రోజుల్లో దారికొస్తుంది" అని నాతోనే అన్నాడు. నిజంగానే వచ్చింది. గీతకి పైన, ఎన్నేళ్ళుగానో అతని బంతి తగలని చోట, అతని ఎర్రమచ్చలు పడసాగాయి. ఆట చూస్తే కుర్రతనం తిరిగొచ్చినట్టుంది. కానీ నేను ఒకటి కనిపెట్టాను. ఇంటికి వెళ్ళేముందు "ఇదే ఆఖరిది" అని అతను అనుకుని కొట్టే బంతి ఉంటుందే, అది మాత్రం ప్రతిసారీ గీతకే తగిలేది. తగలగానే అది లెక్కలోకి రాదన్నట్టు ఇంకొకటి కొట్టి, దాన్ని దాటించి వెళ్ళిపోయేవాడు. నాకు నోరుంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. ఏం జరుగుతుందో చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉంది.

ఆదివారం పొద్దున ఇందుశేఖర్‌తో ఆట. క్లబ్బు అంతా కుర్చీలేసుకుని కూర్చుంది. సర్వలక్ష్మి ఫ్లాస్కుతో వచ్చింది. మార్కండేయులు ఎంత బాగా ఆడాడో చెప్పాలంటే, మనసు రాకపోయినా చెప్పాలి, అంత బాగా ఆ కోర్టులో ఎవరూ ఆడటం నేను చూడలేదు. ఇందుశేఖర్‌ని ఆ మూలకీ ఈ మూలకీ పరుగెత్తించాడు. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు. అప్పుడు ఇందుశేఖర్ కొట్టిన బంతి బలం లేక కోర్టు మధ్యలో మెల్లగా లేచింది. కళ్ళు మూసుకుని కొట్టినా దాటే బంతి. మార్కండేయులు కళ్ళు తెరిచే కొట్టాడు. అది తెల్లపట్టీకి తగిలి, అతనివైపే పడింది. "అయ్యో" అంది క్లబ్బు. గెలుపు మళ్ళీ ఒక్క పాయింటు దూరంలోకి వచ్చింది, మళ్ళీ పట్టీ. ఆ తరవాతా అంతే. అతను రాకెట్టుని తిరగేసి చూసుకున్నాడు. ఇందుశేఖర్ మెల్లమెల్లగా పుంజుకుని గెలిచేశాడు.

గెలిచినవాడు చెయ్యి కలపలేదు.

"నన్ను గెలిపించమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?" అన్నాడు.

"లేదండి. నా పిల్లల మీద ఒట్టండి, గెలుద్దామనే కొట్టేనండి. చెయ్యి లేవలేదండి."

"ఆట మొత్తం లేచిన చెయ్యి ఆ ఒక్క పాయింటుకే లేవలేదా?"

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళందరికీ బాపినీడు గారి రోజులు తెలుసు. అప్పుడు మార్కండేయులు చెయ్యకూడని పని చేశాడు. నన్ను సాక్ష్యానికి పిలిచాడు. రోజూ తెల్లారకుండా వచ్చి ఆ గోడ దగ్గర ఎంత సాధన చేశానో కావాలంటే మీరే వచ్చి చూడండని, తనే ముందు నడుస్తూ ఆయన్ని నా ముందుకి తీసుకొచ్చాడు.

ఇందుశేఖర్ నన్ను తీరిగ్గా చూశాడు. గీతకి పైన కొన్ని కొత్త మచ్చలున్నాయి. గీత మీద, ఒకే చోట, ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలకి గుంటపడి ఇటుక కనిపిస్తోంది. ఆయన ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. వెనక్కి తిరిగి నెట్ ఎత్తు చూశాడు. ఎంతైనా ఇంజనీరు కదా, అర్థమవటానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇన్నేళ్ళూ మీరు సాధన చేసింది ఇదా?"

  ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డ సర్వలక్ష్మి నా గుంటనీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, గేటు వైపు నడిచింది. నేను ఉన్నది ఉన్నట్టు చూపించాను, అంతే. నాకు దాచటం రాదు. వచ్చినా దాచేదాన్ని కానేమో.

ఎస్.ఈ. గారిని ఓడించినవాడు ఎవరూ తేలకపోవటంతో పోటీలకి ఒక కొత్త ఇంజనీరు వెళ్ళాడు. అతను ఇందుశేఖర్ చేతిలో చిత్తుగా, కానీ నిజాయితీగా ఓడినవాడు. ఆ జోడీ మొదటి రౌండులోనే ఇంటికొచ్చింది.

మార్కండేయులు రిటైరైన ఏడాదే క్లబ్బువాళ్ళు షటిల్ ఆటకి ఏసీ హాలు కట్టాలనుకున్నారు. నేను అడ్డం. జేసీబీ వచ్చి ఒక పూటలో నన్ను కూల్చేసింది. లాకు నుంచి తప్పించుకొచ్చిన ఇటుకలు ప్రహరీ పక్కన కుప్పగా పడ్డాయి. గుంటపడిన ముక్క ఆ కుప్ప మీదే, ఆకాశం వైపు తిరిగి పడింది. ఇప్పుడు నేను చూసేదంతా అందులోంచే.

ఒక సాయంత్రం మార్కండేయులు వచ్చాడు. రాకెట్టు, ఒక్క బంతి. నెట్ అప్పటికే పీకేశారు. నా కుప్పని కాసేపు చూసి, ఎప్పుడూ నిలబడే చోటికే వెళ్ళి, బంతిని ఎగరేసి కొట్టాడు. ఎదురుగా గోడ లేదు, గీత లేదు. బంతి హాయిగా లేచి, నేనున్న చోటు దాటి, ప్రహరీ దాటి, తుమ్మచెట్ల మీదుగా వెళ్ళి అవతలి కాలవలో పడింది. అతను జన్మలో కొట్టిన దెబ్బల్లో అదే గొప్పది. చూడటానికి నేను తప్ప అక్కడ ఎవరూ లేరు.

ఆ తరవాత అతను మోకాళ్ళు కాస్త వంచి, రాకెట్టు ముందుకి పెట్టి, పాదాలు కదుపుతూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ నేను ఒక్క బంతి కూడా తిరిగి ఇవ్వకుండా ఉంచుకోలేదు మరి. చీకటిపడేదాకా అలాగే ఉన్నాడు.