చలికాలం నెగ్గిన మెట్టు

ఐనో రౌతియో అప్పటికి మూడోసారి నేల ఊడుస్తున్నాడు. ఎనిమిదింటికి తెరిచే మెకానిక్ షెడ్డుకి ఆరున్నరకే వచ్చేశాడు. అరవై రెండేళ్ళ మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు బండ్ల కింద పడుకుని పనిచేయడంతో మెడ ఎడమవైపుకి ఒరిగిపోయింది. తుప్పు గోళ్ళ సందుల్లో ఇంకిపోయి, ఎంత తోమినా చేతులు ఎర్రమట్టి పిసికినట్టే ఉంటాయి.

ఏప్రిల్ వచ్చినా షెడ్డు వెనక మంచు నడుమెత్తున ఉంది. మిషిగన్ ఉత్తరాన మంచు కరగడానికి రోడ్లకి చల్లిన ఉప్పుని చలికాలమంతా తిన్న బండ్లు ఈ నెలలోనే అతని దగ్గరికి వస్తాయి. ఎత్తుగా ఉండే పికప్పు ట్రక్కులు ఎక్కడానికి జనం విడిగా కొని బిగించుకునే ఇనప గొట్టాల పక్కమెట్లు అన్నిటికన్నా ముందు పోతాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల తుప్పుతో గుల్లబారతాయి. కిందటేడు టపా పంచే డార్లీన్ పెరో తన పికప్పు ఎక్కబోతూ అడుగు వేయగానే మెట్టు విరిగింది. చీలమండ చిట్లి రెండు నెలలు మంచం దిగలేదు.

ఆమెకి కొత్త మెట్లు బిగించేటప్పుడు ఐనో ఎవర్నీ అడగకుండా గొట్టం అడుగున వరసగా బెజ్జాలు వేశాడు. ఉప్పునీళ్ళు నిలవకుండా కారిపోవాలని. లోపలంతా మైనం కలిపిన నూనె పట్టించాడు. ఓనరు హెరాల్డ్ ట్రెంబాత్ తల పట్టుకున్నాడు.

"కొత్త సరుక్కి చిల్లులు పెడతావా? ఇది పోయిందంటే మళ్ళీ నా షెడ్డులో నీ సొంత తెలివి చూపించకు."

ఇవాళ చలికాలం దాటి ఆ బండి వస్తోంది.

పదకొండింటికి వచ్చింది, కిటికీల దాకా బురద పూసుకుని. డార్లీన్ దూకినట్టు దిగింది.

"రాత్రి నిద్రపట్టిందా పెద్దాయనా? నాకైతే పట్టలేదు."

"వారం వారం కింద నీళ్ళు కొట్టించావా అమ్మాయ్?"

"మీరు తిడతారని ఒక్క వారం మానలేదు."

బండిని లిఫ్టు మీద పైకెత్తాడు. బురద కడిగి సుత్తితో మెట్టుని ఈ చివర నుంచి ఆ చివరకి తట్టుకుంటూ పోయాడు. ప్రతి దెబ్బకీ ఖంగుమంది. లోపల ఎలా ఉందో చూడ్డానికి తీగకి తెల్లగుడ్డ చుట్టి ఒక బెజ్జంలో దూర్చి లాగాడు.

గుడ్డ గోధుమరంగులో బయటికొచ్చింది.

ట్రెంబాత్ ముక్కుతో నవ్వాడు. ఐనో ఆ మరకని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. తుప్పయితే ఇసకలా గరుగ్గా తగలాలి. ఇది వెన్నలా జారింది. వాసన చూశాడు.

"నూనె," అన్నాడు. గుడ్డని డార్లీన్ ముందుకి చాచాడు. మళ్ళీ అన్నాడు, "నేను కొట్టిన నూనే ఇది. అలాగే ఉంది."

ఒక్కొక్కటే పద్నాలుగు బెజ్జాలూ చూశాడు. చివరికొచ్చేసరికి మెడనొప్పి మరిచిపోయి పిల్లాడిలా బండి చుట్టూ తిరుగుతున్నాడు. ట్రెంబాత్ బండి కిందికి వచ్చి బెజ్జాల వరసని వేలితో తడిమాడు.

"బెజ్జానికీ బెజ్జానికీ ఎంత ఎడం పెట్టావ్?"

ముప్పై ఒక్క ఏళ్ళలో పని గురించి తెలుసుకోవాలని ఆయన ఐనోని అడిగిన మొదటి ప్రశ్న అది. ఐనో నాలుగు వేళ్ళూ చేర్చి బెత్తెడని చూపించాడు.

డార్లీన్ అప్పటికే ఫోనులో ఎవరితోనో గలగలా మాట్లాడుతోంది. అది ముగిసేలోపు ఐనో హీటరు మీద వేడిచేసిన పేస్టీని, మాంసం కూరి కాల్చిన కజ్జికాయలాంటి రొట్టెని, బల్ల దగ్గర విప్పి ఒక ముక్క కొరికాడు.

"మా తమ్ముడు పక్క ఊళ్ళో మంటలార్పే దళంలో ఉన్నాడు," అంది ఆమె. "వాళ్ళ పికప్పులన్నిటికీ ఇవే మెట్లు. కిందటి నెల ఒకడు పడ్డాడు కూడా. ఇప్పుడందరూ అక్కడే ఉన్నారట. రండి, మీ చేత్తో చూపిద్దురు."

ఐనో ఓనరు వైపు చూశాడు. పని వేళలో తను ఎప్పుడూ గడప దాటలేదు.

"నా మొహం చూస్తావేం? డ్రిల్లు తీసుకుని వెళ్ళు," అన్నాడు ట్రెంబాత్.

ఐనో బండిని లిఫ్టు మీంచి దించి, ఎక్కేముందు రెండు పాదాలూ మెట్టు మీద ఆనించి, బరువంతా వేసి ఒకసారి ఊగి చూశాడు. అది కదల్లేదు. తలుపు వేసుకోగానే బండి కరిగిన మంచు చిమ్ముకుంటూ మలుపు తిరిగింది.

బల్ల మీద విప్పిన కాగితంలో, ఒక్క మూల మాత్రమే కొరికిన పేస్టీ ఇంకా పొగలు కక్కుతోంది.