వేయించని సూది

ఆ పొద్దున ఆకాశం కురవనూ కురవదు, విడవనూ విడవదు. ఆ మసక వెలుతురులోనే బిడ్డ గుడ్డ విప్పిన అత్తగారు గతుక్కుమంది. ఐదు రోజుల పసిగుడ్డు. బొడ్డు చుట్టూ నెత్తురు. తుడిస్తే మళ్లీ ఊరుతోంది.

బిడ్డ తండ్రి గోదాములో దబ్బనంతో గోనెసంచుల మూతులు కుట్టేవాడు. తోటివాళ్లు పిలిచేది కూడా దబ్బనం అనే. అలాంటివాడికి బిడ్డ పొత్తిగుడ్డ ముడి వేయడానికి చేతులాడలేదు.

"మనిషివా, మానువా? బండి పిలువయ్యా!" అంది అత్తగారు. భార్యాభర్తలిద్దరూ బిడ్డతో చిన్నాసుపత్రికి పరుగెత్తారు.

పరీక్షకని నర్సు బిడ్డ మడమ మీద గుచ్చిన చోట కూడా నెత్తురు ఆగలేదు. దూది రెండుసార్లు మార్చారు.

"పుట్టగానే తొడకి విటమిన్ కె సూది వేశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వేశారండీ. ఈయనే దగ్గరుండి వేయించారు," అంది భార్య.

"వేసుంటే ఇలా కారకూడదే! అయితే ఇంకేదో ఉంది. పెద్దాసుపత్రికి రాస్తాను. రెండు గంటల దారి, వెంటనే బయల్దేరండి."

అతను బిడ్డ తొడ వైపు చూశాడు. కాన్పు రోజున ఆ సూది చూసి, రెండు వేళ్ల మందం లేని తొడ చూసి, వద్దని సంతకం పెట్టింది తనే. లోపలికి వచ్చి భార్యతో "అయిపోయింది" అన్నదీ తనే. డాక్టరమ్మ కలం కాగితం మీద నడుస్తోంది. మడమ కింద దూది మళ్లీ ఎర్రబడింది.

"వెయ్యలేదు," అన్నాడు.

"ఏంటీ?"

"నేనే వద్దన్నానండీ. మా ఆవిడకి అబద్ధం చెప్పాను."

భార్య అతని వైపు తిరగలేదు. డాక్టరమ్మకు తిట్టే తీరిక కూడా లేదు. రాస్తున్న కాగితం పక్కన పెట్టి, సూది తెమ్మని నర్సును కేకేసింది. "తల్లిపాలల్లో ఇది చాలినంత ఉండదయ్యా. లేకపోతే నెత్తురు గడ్డకట్టదు. పట్టుకో కాలు!"

పట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు.

గంట తర్వాత దూది తడిసింది. ఇంకో గంటకు చిన్న మరక. మూడోసారి పొడిగా వచ్చింది.

"తలలో కారిందేమో సాయంత్రం స్కాన్‌లో చూడాలి. ఈలోపు పాలు పట్టమ్మా," అని వెళ్లింది డాక్టరమ్మ.

క్యారియర్‌తో వచ్చిన అత్తగారికి నర్సే చెప్పేసింది. "రోజుకి వెయ్యి పోట్లు పొడిచే మొనగాడికి, కన్నబిడ్డ దగ్గర ఒక్క పోటుకి దడుపొచ్చిందా?" అంది ఆవిడ అల్లుడితో.

"ఊరుకో అమ్మా," అంది కూతురు.

బిడ్డ అమ్మమ్మ ఒళ్లో నిద్రపోయింది. భార్య అన్నం కలిపి, అతని ముఖం చూడకుండానే ఒక గిన్నె అటు జరిపింది. ముగ్గురూ ఒకే బల్ల మీద, ఒక కన్ను దూది మీదే ఉంచి తిన్నారు.