పంది దవడ దక్కిన వంశం

మంగాటుర్ సిహితే కడుపు రగిలిపోయిందంటే కారణం సంఘపెద్ద పాంగబేయన్. సుమత్రా దీవిలోని మెడాన్ పాతబజారు చర్చికి నూరేళ్లు నిండాయని ఆ మహానుభావుడు సంఘ చరిత్ర రాశాడు. గంట ఏ ఓడలో వచ్చిందో రాశాడు. ఏ పాస్టరుగారికి ఎన్ని పళ్లు ఊడాయో రాశాడు. స్థలమిచ్చిన మంగాటుర్ తాతను మాత్రం "ఒక విశ్వాసి" అని సరిపెట్టాడు.

చర్చి ముందు, తండ్రినాటి కాఫీకొట్టు నడిపే మంగాటుర్ పుస్తకం పట్టుకుని పెద్దమనిషి మీదికి వెళ్లాడు.

"ఏం బావా, మా తాతకి పేరు లేదా? స్థలమిచ్చిన వంశం మాది. పండగ విందులో గొప్ప వంశానికిచ్చే పంది దవడ మాకే దక్కాలి."

"కాయితం తే బావా. నోటిమాటకైతే సముద్రం కూడా మా తాతదే."

మంగాటుర్ అటక మీది పెట్టె దులిపాడు. వెదురు గొట్టంలో కాగితం దొరికింది. బతక్ జాతివాళ్ల పాత లిపి. మంగాటుర్ మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడు. పాంగబేయన్‌కీ ఆ లిపి రాదు. సంఘం మొత్తంలో చదవగలిగింది తొంభయ్యేళ్ల తియామ్సా అవ్వ ఒక్కతే.

"ముందు ఇంట్లో చదివించుకోరాదూ?" అంది భార్య రుస్మిదా.

"ఇంట్లో చదివితే ఎవడు వింటాడే? పండగనాడు మైకులో చదవాలి. వాడి మొహం నేను చూడాలి!"

పండగనాడు చర్చిలో మైకు ముందు అవ్వ కళ్లద్దాలు సర్దుకుంది.

"ఓంపు గుమొందా సిహితే అనే నేను, ఈ స్థలాన్ని దేవుడి సంఘానికి ఇస్తున్నాను..."

చప్పట్లు మోగాయి. పాంగబేయన్ తలవంచుకుని పళ్లెంలో దవడ తెచ్చాడు. పదిమందిలో ముక్క అందుకోవడమంటే దాని వెంట వచ్చే మాటలన్నీ ఒప్పుకున్నట్టే. మంగాటుర్ రెండు చేతులా అందుకుని, తల మీదికెత్తి నలువైపులా చూపించాడు.

"ఉండండర్రా, ఇంకా ఉంది," అంది అవ్వ. "చర్చి ముందున్న జాగా కూడా, రోడ్డు దాకా. ఆదివారం వచ్చేవాళ్ల గుర్రబ్బళ్లు నిలపడానికి."

ఎవరో కిసుక్కున నవ్వారు. రుస్మిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్వా, కళ్లు సరిగ్గా కనిపిస్తున్నాయా నీకు?"

"నీ కాఫీలో చీమలు కూడా కనిపిస్తాయి నాయనా."

పాంగబేయన్ అతని చెవిలో గొణిగాడు. "దవడ తిరిగిచ్చెయ్ బావా. కాయితం విననట్టే ఉంటాం. కొట్టు నీది, మీ తాత మళ్లీ ఒక విశ్వాసి."

మంగాటుర్ కిటికీలోంచి కొట్టు వైపు చూశాడు. దవడ నూనె మోచేతుల దాకా కారుతోంది. మూడు వందల మంది నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"రాసుకో," అన్నాడు పళ్లు నూరుతూ. "మా తాత పేరు లావుపాటి అక్షరాల్లో ఉండాలి."

పుస్తకం మళ్లీ అచ్చయింది. తాతకు ఒక పేజీ దక్కింది. మనవడికి పోయింది రోడ్డు పక్క జాగా, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పదకొండు మీటర్ల పొడవు.