అంటించని పొయ్యి

జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ దగ్గర ఒకటే సూత్రం. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం, చుట్టరికం ఉన్నా లేకపోయినా. ఇంత పెద్ద దేశంలో మనుషుల్ని భాషనీ దేవుడనీ ఎన్ని గడుల్లోకి విడదీసినా, ముందు కలిపి రాసేది మాత్రం పొయ్యిని బట్టే. కింద ఆవిడ ఆ ముక్క చెబుతుంటే, మేడ మీది గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న అత్త తొక్కడం ఆపేసింది.

అత్త అంటే నిజానికి ఎవరికీ అత్త కాదు. కింది వంటగదిలో కలిసి వండుకునే నలుగురూ అలా పిలుస్తారు. బస్సు డ్రైవరుది కొండ ప్రాంతం, అతని భార్యది సముద్రపు ఒడ్డు. నర్సమ్మ మొక్కే దేవుడు వేరు. రొట్టెల బట్టీలో పనిచేసే పెద్దాయన ఏ దేవుడికీ మొక్కడు. అత్తతో కలిపి ఐదుగురికీ ఐదు భాషలు. మామూలు రోజుల్లో వచ్చీరాని మాటలతో నెట్టుకొస్తారు గానీ, పోట్లాట వచ్చిందా, ఎవరి భాష వాళ్లకి తన్నుకొచ్చేస్తుంది.

నిన్న అదే జరిగింది. అత్త రుచి చూసి చెప్పందే కూరలో ఉప్పు పడకూడదన్నది ఆ వంటగది కట్టుబాటు. డ్యూటీ తొందరలో డ్రైవరు తనే వేసేశాడు. అత్త అలిగి, అప్పటికప్పుడు కొత్త పొయ్యి కొనుక్కొచ్చి, "నా పొయ్యి వేరు, నా బతుకు వేరు" అంటూ మేడెక్కేసింది.

క్రితంసారి లెక్కలకు వచ్చినవాడు, అత్త భర్త పోయిన నెలకే, గడప దగ్గర నిలబడి "ఒక్కరేనా?" అని రాసుకుపోయాడు. ఆ మాట అత్తకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు చేజేతులా మళ్లీ అదే రాయించుకోవాలి. దిగి రాజీపడదామంటే పౌరుషం అడ్డం.

టీచరమ్మ పైకి రానే వచ్చింది.

"మీది వేరు పొయ్యా అమ్మా?"

"కనబడుతోందిగా."

టీచరమ్మ వంగి చూసింది. పొయ్యి మీద కంపెనీ కాగితం ఇంకా ఊడలేదు.

"దీని మీద ఏం వండుకున్నారు?"

"ఏమీ లేదు. అగ్గిపెట్టె లేదు. కింద అడగాలంటే నామోషీ."

"మరి నిన్నటి నుంచి?"

"మంచినీళ్లు."

వండని పొయ్యిని ఎలా రాయాలో తెలియక టీచరమ్మ తల గోక్కుంది. ఇంతలో డ్రైవరు గరిటె పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనకే మిగతా ముగ్గురూ.

"అత్తా, కాస్త ఉప్పు చూడు."

అత్త వద్దనబోయి, నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"అసలు ఉప్పే వెయ్యలేదు కదరా!"

"నువ్వు చెప్పకుండా ఎలా వేస్తాం?"

"నిన్నటిది?"

"అలాగే ఉంది. పారబొయ్యాలి."

"అంటే ఎవ్వరూ తినలేదా?"

"నువ్వు పస్తుంటే మాకు ముద్ద దిగుతుందా అత్తా?" అంది నర్సమ్మ.

అత్తకి ఏడుపొచ్చింది. దాంతోపాటే కోపమూ వచ్చింది, వాళ్లు తనకి ఎంత కావలసినవాళ్లో అప్పుడు తెలిసి.

"బుద్ధుందట్రా మీకు? రాత్రంతా బట్టీ దగ్గర నిలబడే మనిషిని కూడా పస్తు పెట్టారా? పదండి కిందకి!"

"అమ్మా, ఇంతకీ ఎంతమందని రాయను?" అంది టీచరమ్మ.

"ఐదుగురం" అంది అత్త, అప్పటికే సగం మెట్లు దిగి. "మీరూ రండి. తిన్నాక రాసుకుందురు గాని."